గంట టేబుల్... వంద షాట్లు!

ఫ్రేములకు ఫ్రేములు ఆడుతున్నారు. గంటకింతని అద్దె కడుతున్నారు. అయినా స్నూకర్‌లో మీ ఆట ఏడాది కిందట ఎక్కడుందో ఇప్పుడూ అక్కడే ఉందా? అయితే లోపం మీ చేతిలో లేదు, ఆ గంటను వాడుకునే తీరులో ఉంది. కొద్దిపాటి బంతులు, ఒక నోటు పుస్తకం, కాస్త ఓపిక ఉంటే చాలు... ఆట దారిలో పడుతుంది.

నూజివీడు పేరు చెబితే నోరూరని తెలుగువారుండరు. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి... ఏప్రిల్ మొదలు జూన్ దాకా ఆ చుట్టుపక్కల ఏ తోటలో చూసినా కోతల సందడే. ఈ తోటల ఊళ్ల నుంచి చదువులకని విజయవాడ, గుంటూరు, హైదరాబాద్ వెళ్లిన కుర్రకారులో కొందరు అక్కడ ఇంకో రుచి కూడా మరిగి వస్తుంటారు. అదే స్నూకర్. ఆకుపచ్చ గుడ్డ పరిచిన పన్నెండడుగుల టేబుల్, దానిమీద 22 బంతులు, చేతిలో ఒక కర్ర. చూడటానికి ఎంత తేలికో ఆడటానికి అంత కష్టం.

సెలవులకు ఇంటికొస్తే అసలు చిక్కు మొదలవుతుంది. పెద్ద టేబుల్ అన్ని ఊళ్లలో ఉండదు. నూజివీడు నుంచి విజయవాడ 40 కిలోమీటర్ల పైచిలుకు. బస్సు చార్జీ, టేబుల్ అద్దె, దారిలో టీ... వారానికి ఒక్కసారి వెళ్లి రావడమే గొప్ప. ఆ డబ్బు వచ్చేది ఏడాదికోసారి చేతికందే కాపు నుంచే. 'ఆ క్లబ్బుల్లో ఏం ఒరుగుతుందని?' అని ఇంట్లో పెద్దవాళ్లు అడిగితే ఆ ప్రశ్నలో న్యాయముంది. అందుకు సరైన జవాబు మాటల్లో ఉండదు, ఆటలో కనపడాలి. అలా కనపడాలంటే వారానికి దొరికే ఆ ఒక్క గంట వృథా కాకూడదు.

మన గడ్డ మీద పుట్టిందే!

స్నూకర్ అంటే ఇంగ్లండ్ ఆట అనుకుంటాం. నిజానికి అది పుట్టింది జబల్పూర్‌లో. 1875లో అక్కడి బ్రిటిష్ సైనికాధికారుల మెస్‌లో నెవిల్ చాంబర్లెయిన్ అనే కుర్ర అధికారి అప్పటికి వాడుకలో ఉన్న ఆటలకు మరికొన్ని రంగు బంతులు కలిపి దీన్ని మొదలుపెట్టాడంటారు. సైనిక శిక్షణ కళాశాలలో కొత్తగా చేరినవాళ్లను అప్పట్లో వేళాకోళంగా 'స్నూకర్' అనేవారు. తేలికైన బంతిని పాకెట్‌లో వేయలేకపోయిన తోటి అధికారిని చాంబర్లెయిన్ ఆ మాటతో ఏడిపించాడట. ఆ పేరే ఆటకు స్థిరపడిపోయింది. తర్వాత ఊటీ క్లబ్బులో నియమాలు ఓ రూపానికి వచ్చాయి.

మన తెలుగు నేలకూ ఈ ఆటతో గట్టి చుట్టరికమే ఉంది. ఒకే ఇన్నింగ్స్‌లో 15 రెడ్లు, ప్రతి రెడ్ తర్వాతా బ్లాక్, చివర్లో ఆరు రంగులూ వేస్తే వచ్చే 147 పాయింట్లు ఈ ఆటలో గరిష్ఠ బ్రేక్‌గా పేరొందాయి. అధికారిక పోటీలో ఒక అమెచ్యూర్ ఆటగాడు తొలిసారి ఆ ఘనత సాధించింది మన గుంటూరులోనే! 1980ల చివర్లో అక్కడ జరిగిన జాతీయ పోటీల్లో గీత్ సేథీ ఆ బ్రేక్ చేశాడు. 2016 జులైలో ప్రపంచ ర్యాంకింగ్ టోర్నీ ఇండియన్ ఓపెన్ హైదరాబాద్‌కు వచ్చింది. స్కాట్లండ్‌కు చెందిన ఆంథొనీ మెక్‌గిల్ ఫైనల్లో కైరెన్ విల్సన్‌ను 5-2తో ఓడించి కప్పు ఎత్తుకెళ్లాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో అదే టోర్నీ విశాఖపట్నంలో జరిగింది. మెక్‌గిల్ మళ్లీ ఫైనల్‌కు వచ్చాడు గానీ ఈసారి జాన్ హిగిన్స్ చేతిలో 1-5తో ఓడిపోయాడు.

ఇక మనవాళ్ల సంగతంటారా... 1984లో ఓం అగర్వాల్ డబ్లిన్‌లో ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ టైటిల్ గెలిచాడు. బెంగళూరు కుర్రాడు పంకజ్ అద్వానీ 2003లో చైనాలో అదే టైటిల్ అందుకున్నప్పుడు అతని వయసు 18 ఏళ్లు. బిలియర్డ్స్, స్నూకర్ కలిపి 2024 చివరికి అతని ఖాతాలో 28 ప్రపంచ టైటిళ్లున్నాయి. అమ్మాయిలూ తక్కువ తినలేదు. 2025 నవంబరులో దోహాలో చెన్నై అమ్మాయి అనుపమా రామచంద్రన్ ప్రపంచ మహిళల స్నూకర్ టైటిల్ గెలిచింది.

ఆడటం వేరు... సాధన వేరు

ఇద్దరు స్నేహితులు గంటసేపు టేబుల్ తీసుకున్నారనుకుందాం. ఒకరు ఆడుతుంటే రెండోవారు కుర్చీలో కూర్చుంటారు. అంటే సగం గంట కూర్చోవడానికే పోయింది. మిగిలిన అరగంటలో వచ్చే షాట్లలో ఏ రెండూ ఒకేలా ఉండవు. ఒక బంతి తప్పిపోతే ఎందుకు తప్పిందో ఆలోచించే లోపు ఎదుటివాడి వంతు వచ్చేస్తుంది. పైగా పందెమో, పంతమో ఉంటే చేతికి అలవాటైన షాటే కొడతాం. రానిదాని జోలికి పోం. రానిది ఎప్పటికీ రాకుండానే ఉండిపోతుంది.

సాధన అలా కాదు. ఒకే బంతి, ఒకే చోటు, ఒకే పాకెట్. అదే షాట్ పదిసార్లు. ఎన్నిసార్లు పడిందో పుస్తకంలో అంకె వేసుకోవడం. ఆ అంకె అబద్ధం చెప్పదు. 'ఈమధ్య బాగా ఆడుతున్నాను' అనే భ్రమకూ, 'నావల్ల కాదు' అనే దిగులుకూ ఒకటే మందు ఆ అంకె. మామిడి రైతుకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. కాపు కనిపించేది రెండు మూడు నెలలే. దాని వెనుక దున్నకాలు, పూతకు మందు కొట్టడాలు, తేనెమంచు పురుగుతో పోరాటాలు ఏడాది పొడుగునా ఉంటాయి. ఫ్రేము అనేది కాపు లాంటిది. చాకిరీ అంతకుముందే జరగాలి.

పండిన రసాన్ని పట్టుకున్నట్టు...

టేబుల్ దగ్గరికి వెళ్లేముందు ఇంట్లోనే సరిచేసుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. మొదటిది పట్టు. కొత్తవాళ్లు క్యూను రోకలి పట్టుకున్నట్టు బిగించేస్తారు. మణికట్టు బిగుసుకుంటే కర్ర పక్కకు తిరుగుతుంది. బాగా పండిన చిన్నరసాన్ని ఎలా పట్టుకుంటాం? జారిపోకూడదు, నలగకూడదు. క్యూను కూడా అంతే పట్టుకోవాలి.

రెండోది నిలబడే తీరు. కాళ్లు కదలకుండా నేలకు ఆనాలి. వంగినప్పుడు గడ్డం దాదాపు క్యూను తాకాలి. కొట్టే చేయి మోచేతి కిందిభాగమే గడియారం లోలకంలా ఊగాలి. భుజం కదలకూడదు. అన్నిటికన్నా ముఖ్యం... బంతి పాకెట్‌లో పడేదాకా తల ఎత్తకూడదు. అమెచ్యూర్లు తేలిక బంతులు తప్పడానికి పెద్ద కారణం ఈ తొందరే. బంతి పడిందో లేదో చూడాలన్న ఆత్రంతో కొడుతూ కొడుతూనే లేచిపోతారు.

మూడోది సీసా సాధన. ఇది పాతకాలం నుంచీ ఉన్నదే. ఖాళీ సీసాను టేబుల్ మీద పడుకోబెట్టి, దొర్లకుండా అటూ ఇటూ రెండు పుస్తకాలు పెట్టండి. క్యూ కొనను సీసా మూతిలోకి పోనిచ్చి వెనక్కి తీయండి. అంచుకు తగిలి టక్కుమని చప్పుడైతే క్యూ వంకరగా వెళ్తోందన్నమాట. చప్పుడు లేకుండా ఇరవైసార్లు చేయగలిగితే చేయి సూటిగా నడుస్తున్నట్టే. రోజుకు పది నిమిషాలు చాలు. పైసా ఖర్చు లేదు, బస్సెక్కే పని అసలే లేదు.

ఒంటరి తెల్ల బంతి

ఇక టేబుల్ దగ్గరికి వద్దాం. మొదటి కసరత్తుకు తెల్ల బంతి ఒక్కటే కావాలి. టేబుల్‌కు ఒక చివర అడ్డంగా గీసిన బాల్క్ గీత మధ్యలో బ్రౌన్ చుక్క ఉంటుంది. తెల్ల బంతిని దానిమీద పెట్టి సూటిగా అవతలి కుషన్‌కు కొట్టండి. బంతి బ్లూ, పింక్, బ్లాక్ చుక్కల మీదుగా వెళ్లి, అదే దారిలో తిరిగొచ్చి మీ క్యూ కొనకు తగలాలి.

చెప్పినంత తేలిక కాదిది. వెళ్లేటప్పుడు చుక్కల మీదుగానే వెళ్లి, వచ్చేటప్పుడు కుడిపక్కకు వచ్చిందా? అయితే మీరు బంతి మధ్యలో కొట్టామనుకుంటూ కొంచెం కుడివైపు కొడుతున్నారు. ఎడమకు వస్తే ఎడమవైపు. వెళ్లేటప్పుడే దారి తప్పితే గురిలోనో, నిలబడటంలోనో తేడా ఉంది. పక్కన గురువు లేకపోయినా ఈ ఒక్క కసరత్తు సగం గురువు పని చేస్తుంది. పదిసార్లు కొట్టండి, ఎన్ని సరిగ్గా వచ్చాయో రాసుకోండి.

ఆగాలి... వెళ్లాలి... వెనక్కి రావాలి

రెండో కసరత్తుకు బ్లూ కూడా కావాలి. దాన్ని టేబుల్ నడిమధ్యన దాని చుక్క మీదే ఉంచండి. బాల్క్ వైపు మూల పాకెట్, బ్లూ, ఎదుటి మూల పాకెట్ మూడూ ఒకే గీతలో ఉంటాయి. తెల్ల బంతిని ఆ గీత మీద బ్లూకు రెండడుగుల దూరంలో పెట్టండి. బ్లూను ఎదుటి మూల పాకెట్‌లోకి కొట్టాలి.

మొదటి పదిసార్లు బ్లూ పడ్డాక తెల్ల బంతి దాని చోటే ఆగిపోవాలి. తర్వాతి పదిసార్లు బ్లూ వెనకే ముందుకు దొర్లాలి. ఆఖరి పదిసార్లు వెనక్కి రావాలి. మొదటిదానికి బంతి మధ్యకు కాస్త కింద, రెండోదానికి పైన, మూడోదానికి బాగా కింద కొట్టాలి.

ఇందులో కిటుకేమిటంటే... కింద కొట్టిన తెల్ల బంతి వెనక్కి తిరుగుతూ ముందుకు జారుతుంది. గుడ్డ రాపిడికి ఆ వెనక తిరుగుడు క్రమంగా తగ్గిపోతుంది. సరిగ్గా బ్లూను తాకే క్షణానికి తిరుగుడు ఏమీ లేకపోతే ఆగిపోతుంది. ఇంకా మిగిలుంటే వెనక్కి వస్తుంది. అందుకే దూరం పెరిగేకొద్దీ ఇంకా కిందకో, ఇంకా జోరుగానో కొట్టాలి. పదింటికి ఏడు పడుతున్నాయనుకున్నాకే తెల్ల బంతిని మరో అడుగు వెనక్కి జరపండి. రెండడుగుల దగ్గర రానిది ఆరడుగుల దగ్గర రాదు.

బలం మాటకొస్తే ఒక హెచ్చరిక. వెనక్కి రప్పించాలంటే గట్టిగా బాదాలనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. చిక్కం కట్టిన గెడతో కాయ కోసేవారిని చూడండి. గుంజితే కాయ రాలి దెబ్బతింటుంది, సొన కారి మచ్చపడుతుంది. ఒడుపుగా లాగితే ముచ్చికతో సహా చిక్కంలో పడుతుంది. క్యూ కూడా బంతిని పొడవకూడదు, బంతిలోంచి దూసుకెళ్లినట్టు సాఫీగా సాగాలి.

వరుసలో రెడ్లు

సాధనల్లో రారాజు 'లైనప్'. 15 రెడ్లనూ బ్లూ నుంచి బ్లాక్ దాటేవరకూ టేబుల్ మధ్యగీత వెంట వరుసగా పేర్చుతారు. రంగులన్నీ వాటి చుక్కల మీదే ఉంటాయి. ఒక రెడ్, ఒక రంగు, మళ్లీ రెడ్... తప్పిపోయేదాకా కొట్టుకుంటూ పోవాలి. ఏ రెడ్ ముందన్న పట్టింపు లేదు.

కొత్తవాళ్లు ఒకేసారి పదిహేనూ పేర్చి నిరుత్సాహపడకూడదు. పింక్‌కూ బ్లాక్‌కూ మధ్య మూడంటే మూడు రెడ్లు పెట్టండి. మూడు రెడ్లు, మూడు రంగులు... ఆరు బంతులు వరుసగా పడితే గెలిచినట్టే. అది వరుసగా రెండుసార్లు వస్తే ఐదు రెడ్లు. తర్వాత ఏడు. ఈ కసరత్తు నేర్పేది బంతిని పాకెట్‌లో వేయడమొక్కటే కాదు, తెల్ల బంతిని తర్వాతి షాట్‌కు అనువైన చోట ఆపడం. రెండో విద్య రానంతవరకూ ఎంత గురి ఉన్నా బ్రేక్ ఇరవై దాటడం కష్టం.

తర్వాత ఆరు రంగులు. ఎల్లో 2, గ్రీన్ 3, బ్రౌన్ 4, బ్లూ 5, పింక్ 6, బ్లాక్ 7... వెరసి 27 పాయింట్లు. గట్టి పోటీలో ఫ్రేము చాలాసార్లు ఈ 27 మీదే తేలుతుంది. వీటిని వెనక నుంచి నేర్చుకోవడం మేలు. ముందు బ్లాక్ ఒక్కటే. అది వచ్చాక పింక్, బ్లాక్. ఆ తర్వాత బ్లూ, పింక్, బ్లాక్. ఇలా ఒక్కోటీ ముందుకు కలుపుకుంటూ ఎల్లో దాకా రావాలి. అప్పుడు ప్రతిసారీ చివరికి వచ్చేసరికి బాగా అలవాటైన బంతే ఎదురవుతుంది, చేయి వణకదు.

దాచుకోవడమూ ఆటే

పాకెట్ చేయడానికి ఏదీ లేనప్పుడు ఎదుటివాడికీ ఏదీ దొరక్కుండా చేయాలి. దీన్నే సేఫ్టీ అంటారు. అమెచ్యూర్లు దాదాపుగా సాధన చేయని అంశమిదే. బ్లాక్ వైపున్న ఒక రెడ్‌ను పలచగా అంచుమీద తాకి, తెల్ల బంతిని బాల్క్ కుషన్ దగ్గరికి రప్పించాలి. పదిసార్లు చేయండి. కుషన్‌కు జానెడు లోపల ఎన్నిసార్లు ఆగిందో లెక్కేయండి. పదిలో ఐదు వచ్చేసరికి మీతో ఆడేవాళ్లకు చెమటలు పట్టడం ఖాయం.

అలాగే రెస్ట్. చేయి అందని బంతికి వాడే ఆ కొక్కెం కర్రంటే చాలామందికి భయం. అందుకే సాగిలబడి, ఒంటికాలి మీద నిలబడి తంటాలు పడుతుంటారు. వారానికి ఐదు షాట్లయినా రెస్ట్‌తో కొడితే ఆ బెరుకు పోతుంది.

టేబుల్ తీరునూ గమనించాలి. వానాకాలంలో తేమకు గుడ్డ బరువెక్కి బంతి మందగిస్తుంది. పెద్ద టోర్నీల్లో టేబుళ్లను అడుగునుంచి వేడిచేసేది అందుకే. జులైలో అంకె కాస్త తగ్గినా బెంగపడొద్దు. ఆ రోజు మొదటి ఐదు షాట్లు టేబుల్ వేగం తెలుసుకోవడానికే అనుకోండి.

గంట ఇలా గడపండి

* మొదటి 5 నిమిషాలు: ఒంటరి తెల్ల బంతి, చుక్కల మీదుగా 10 సార్లు.

* తర్వాతి 15 నిమిషాలు: బ్లూ మీద ఆపడం 10, ముందుకు 10, వెనక్కి 10.

* 15 నిమిషాలు: మూడు రెడ్ల లైనప్. ఎన్నిసార్లు పూర్తయిందో రాసుకోవాలి.

* 10 నిమిషాలు: రంగులు, వెనక నుంచి ముందుకు.

* 5 నిమిషాలు: రెస్ట్‌తో 5 షాట్లు.

* చివరి 10 నిమిషాలు: సేఫ్టీ 10 సార్లు.

మొత్తం దాదాపు వంద షాట్లు. స్నేహితుడు తోడుంటే ఇంకా మంచిది. ఒకరు కొడుతుంటే రెండోవారు బంతులు తిరిగి పెట్టి, అంకెలు రాయొచ్చు. పది షాట్లకోసారి వంతు మార్చుకుంటే అద్దె కూడా చెరిసగం. నాలుగు వారాలకోసారి మాత్రం గంటంతా ఫ్రేములే ఆడండి. సాధనలో వచ్చింది పోటీలో నిలబడుతోందో లేదో తెలిసేది అప్పుడే.

పెద్దలకో మాట

పిల్లలు స్నూకర్ అంటే కంగారుపడేవాళ్లు ఒకసారి వెంట వెళ్లి చూడటం మంచిది. పొగ, పందేలు ఉన్నచోటు అయితే వద్దనడమే సబబు. శుభ్రంగా ఉన్నచోటు అయితే ఆ నోటు పుస్తకం అడిగి చూడండి. అందులో తేదీలు, అంకెలు ఉన్నాయంటే డబ్బు దండగ కాలేదన్నమాటే. నిదానం, లెక్క, ఓటమిని తట్టుకోవడం... ఇవన్నీ ఈ ఆట నేర్పుతుంది. తప్పు చేస్తే రిఫరీ చూడకపోయినా తానే ఒప్పుకోవడం ఈ ఆటలో మర్యాద. అలాంటి గుణం ఏ ఆటతో వచ్చినా మంచిదేగా!

ఇవన్నీ చేస్తే అందరూ పంకజ్ అద్వానీలు అవుతారా అంటే, కారు. కానీ రెండు నెలలు వారానికో గంట ఇలా గడిపితే ఎనిమిది పేజీల అంకెలు చేతిలో ఉంటాయి. మొదటి పేజీనీ ఎనిమిదో పేజీనీ పక్కపక్కన పెట్టి చూసుకోండి. ఏది మెరుగుపడిందో, ఏది పడలేదో వాటిలోనే కనిపిస్తుంది. తొమ్మిదో గంటలో దేనిమీద ఎక్కువసేపు గడపాలో ఇంకెవర్నీ అడగక్కర్లేదు.